కొత్త క్యామ్ కూడా అరిగిందంటే ముందు ఆయిల్ దారి చూడండి

రాజాం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. 150 సీసీ బండి, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్ పైభాగం, అంటే హెడ్డులోంచి టకటకమని చప్పుడు వస్తే మేస్త్రీ విప్పి చూసి, క్యామ్ (గాలి, పెట్రోలు లోపలికి, పొగ బయటకు వదిలే వాల్వుల్ని తెరిచే షాఫ్టు) పోయిందని కొత్తది వేశాడు. ఆరు వేలు తిరక్కముందే మళ్లీ అదే చప్పుడు. ఈసారి విప్పితే కొత్త క్యామ్ మీద కూడా గీతలు. "క్యామ్ నకిలీదా? మళ్లీ వేయించాలా, బండి అమ్మేసుకోవాలా? తెలిసినాయన దగ్గర సెకండ్ హ్యాండ్ హెడ్డు ఉంది, అది వేసేసుకోవచ్చా?" అని అడిగారు. అరిగిన క్యామ్ ఫొటో కూడా పెట్టారు.

తమ్ముడూ, బండి అమ్మకండి. క్యామ్ కూడా ఇప్పుడే కొనకండి. రెండో క్యామ్ ఇంత తొందరగా పోయిందంటే మొదటిదాన్ని తినేసిన కారణం ఇంకా ఆ ఇంజన్లోనే ఉందన్నమాట. దాన్ని పట్టుకోకుండా ఎంత మంచి కంపెనీ క్యామ్ వేసినా అదీ పోతుంది. నేను విజయనగరంలో చాలా ఏళ్లుగా బళ్ల ఇంజన్లు విప్పుతున్నాను. అరిగిన క్యామ్‌లు బోలెడు చూశాను. వాటిలో ఎక్కువ భాగం పాడయింది క్యామ్ లోపం వల్ల కాదు, దానికి ఆయిల్ అందక.

ముందు ఆ క్యామ్ మీద ఎంత భారం పడుతోందో తెలుసుకోండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో క్రాంకు (పిస్టన్ తిప్పే ప్రధాన షాఫ్టు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. బండి 6000 ఆర్పీఎం దగ్గర ఉంటే క్యామ్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోంది. అంటే ఒక్కో లోబు సెకనుకు 50 సార్లు రాకర్‌ని ఎత్తి, వాల్వు స్ప్రింగుని నొక్కి, మళ్లీ వదులుతోంది. లోబు అంటే షాఫ్టు మీద కోడిగుడ్డు ఆకారంలో ఉండే భాగం. రాకర్ అంటే లోబు కదలికను వాల్వుకు అందించే చేయి. గుండ్రంగా ఉన్న వైపు రాకర్ మీద ఉన్నంతసేపు వాల్వు మూసే ఉంటుంది. మొనదేలిన వైపు వచ్చినప్పుడు వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ మొన దగ్గర రాకర్ ఆనేది సన్నటి గీతంత మేరే. స్ప్రింగు బలమంతా ఆ గీత మీదే పడుతుంది. రెండు లోహాల మధ్య నిలిచే ఆయిల్ పొర అక్కడ ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పలచన. ఆ పొర తెగిందంటే ఇనుము ఇనుమును గీస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. క్యామ్ మొన మీద భారం ఎక్కువ పడేది బండి పరుగెత్తేటప్పుడు కాదు, ఐడిల్లో (బండి కదలకుండా ఇంజన్ మాత్రం మెల్లగా తిరుగుతూ) ఉన్నప్పుడు. వేగం మీద ఉన్నప్పుడు వాల్వు, రాకర్ల ఊపు స్ప్రింగు బలాన్ని కొంత తగ్గిస్తుంది, లోబు కూడా ఆయిల్‌ని గట్టిగా ఈడ్చుకుంటూ తిరుగుతుంది కాబట్టి పొర మందంగా ఏర్పడుతుంది. ఐడిల్లో స్ప్రింగు పూర్తి బలంతో నొక్కుతుంది, ఆయిల్ పొర పలచబడుతుంది, పంపు ఒత్తిడి కూడా తక్కువే. పొద్దున్న స్టార్ట్ చేసి, స్టాండు మీద పది నిమిషాలు బండి వదిలేసి లోపలికెళ్లి టిఫిన్ చేసి వచ్చే అలవాటు మనవైపు చాలా ఇళ్లలో చూస్తుంటాను. ఇంజన్ వేడెక్కితే మంచిదనుకుంటారు. అర నిమిషమో నిమిషమో ఆగి, మెల్లగా నడుపుతూ వేడెక్కించడమే క్యామ్‌కు మంచిది. స్టార్ట్ చేసిన వెంటనే రేజ్ చేయడం ఇంతకన్నా చెడ్డ పని. రాత్రంతా ఆయిల్ కిందకు దిగిపోయి ఉంటుంది, పైకి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

ఇప్పుడు మీ బండి సంగతికి వద్దాం. అరిగిన క్యామ్‌ని మంచి వెలుతురులో పెట్టి చూస్తే జరిగింది చాలావరకు అదే చెబుతుంది. మీరు పెట్టిన ఫొటోలో గీతలు తిరిగే దిశలోనే ఉన్నాయి, రాకర్ రాసుకునే వెడల్పంతా ఉన్నాయి, మొన దగ్గర మరీ ఎక్కువ. మొన పక్కన గోధుమ రంగు, నీలం రంగు కలిసిన మచ్చ కూడా కనిపిస్తోంది. అది వేడికి కమిలిన గుర్తు. ఇది ఆయిల్ అందని క్యామ్. గీతలు లేకుండా మొన మీద సూది పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడితే సంగతి వేరు: లోహం అలసిపోయి పైపొర పెచ్చులూడుతోందన్నమాట, లేదా తుప్పు తిన్నదన్నమాట. గుంట అడుగున నల్లగానో ఎర్రగానో ఉంటే తుప్పే. లోబు అంతా సమానంగా, మసకగా, బూడిదరంగులో అరిగి ఉంటే లోపలికి దుమ్ము పోతోంది. ఒక అంచు మాత్రమే అరిగితే రాకరు గానీ రాకర్ షాఫ్టు గానీ ఒరిగిపోయింది. ఇవి గుర్తుపట్టకుండా "క్యామ్ పోయింది, మార్చేద్దాం" అనే మేస్త్రీ సగం పనే చేసినట్టు.

మీ కేసులో నేనైతే మొట్టమొదట ఆయిల్ లెవెల్ గురించి అడుగుతాను. 62 వేలు తిరిగిన బండి ఎంతో కొంత ఆయిల్ తాగుతుంది. ఈ బళ్లలో పట్టేదే సుమారు లీటరు. మూడు వేలకోసారి తప్పకుండా మారుస్తున్నాం అంటారు గానీ మధ్యలో ఎవరూ ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూడరు. మార్చేటప్పుడు కింద నుంచి అర లీటరే దిగిందంటే చివరి వెయ్యి కిలోమీటర్లు ఆ బండి ఎలా నడిచిందో ఊహించుకోండి. ఆయిల్ తగ్గగానే ముందు ఎండిపోయేది పంపుకి అన్నిటికన్నా దూరంగా, అన్నిటికన్నా పైన ఉన్న క్యామే. క్రాంకుకు, గేర్లకు కింద కాస్త చిందుతూనే ఉంటుంది. నెలకు రెండుసార్లు బండిని మెయిన్ స్టాండు మీద నిటారుగా నిలబెట్టి చూడండి. చాలా మోడళ్లలో డిప్‌స్టిక్‌ని తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. మీ మోడల్‌కి ఏది పద్ధతో మాన్యువల్లో ఉంటుంది.

తర్వాత ఆయిల్ పైకెళ్లే దారి. పంపు నుంచి హెడ్డుకు వెళ్లే ఆయిల్ చాలా ఇంజన్లలో సిలిండర్ స్టడ్డు (హెడ్డుని పట్టి ఉంచే పొడవాటి బోల్టు) చుట్టూ ఉన్న ఖాళీలోంచే పైకెక్కుతుంది. ఆ స్టడ్డు దగ్గర భాగాలను సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్ను, ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు), పైన ప్రత్యేకంగా మూసి ఉండే నట్టు, రాగి వాషరు ఉంటాయి. హెడ్డు ఒకసారి విప్పి బిగించాక ఆ వాషరు వేరే స్టడ్డుకు వెళ్లిందా, ఓ-రింగు పాతదే వేశారా, అసలు వేశారా అన్నది చూడాలి. ఇంకో పెద్ద శత్రువు ఎర్ర సిలికాన్ పేస్టు. ప్యాకింగు దగ్గర ఆయిల్ కారకుండా వేళ్లతో పూసేస్తారు. బిగించగానే బయటకు పొంగినంతే లోపలికీ పొంగుతుంది. ఆ ముక్క తెగి ఆయిల్‌తో ప్రయాణం చేసి, సన్నటి రంధ్రం దగ్గర ఇరుక్కుంటుంది. ఎర్రటి బిరడాలా దారి మూసేసిన ముక్కల్ని నా చేతులతో లాగాను. ప్యాకింగు మంచిదై, అతుకు చోట్లు శుభ్రంగా ఉంటే పేస్టు అవసరమే రాదు. కంపెనీ పూయమన్న చోట మాత్రం సన్నగా పూయాలి.

ఇక మీ మేస్త్రీని తప్పకుండా అడగాల్సిన మాట: మొదటిసారి క్యామ్ మార్చినప్పుడు క్లచ్ కవరు విప్పారా? విప్పలేదంటే రెండో క్యామ్ పోవడానికి కారణం చాలావరకు దొరికినట్టే. మొదటి క్యామ్ అరిగిన లోహమంతా ఎక్కడికి పోయింది? ఆయిల్‌తో కిందకు దిగి ఆయిల్ వడగట్టే జాలీలో, పంపులో, చాలా బళ్లలో క్రాంకు చివర క్లచ్ కవరు లోపల ఉండే సెంట్రిఫ్యూగల్ ఫిల్టరులో (గిర్రున తిరుగుతూ మడ్డిని వేరు చేసేది) చేరింది. పాత ఆయిల్ దింపి కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన అది బయటకు రాదు. ఆ ఫిల్టరు విప్పితే నల్లటి మడ్డి గట్టిపడి ఉంటుంది, గోటితో గీస్తే వెండిలా మెరుస్తుంది. ఏళ్ల తరబడి దాన్ని తెరవని బళ్లే ఎక్కువ, ఎందుకంటే దానికి ప్యాకింగు, లేబరు, సగం పూట పడుతుంది. జాలీ మూసుకుపోతే పంపు ఎంత పీల్చినా ఆయిల్ రాదు. ఆ లోహపు రజను పంపులోకి పోతే దాని లోపల తిరిగే రోటార్ల మీద గీతలు పడి ఒత్తిడి తగ్గుతుంది. అందుకని ఈసారి క్లచ్ కవరు విప్పించి, జాలీ, ఫిల్టరు కిరోసిన్‌తో కడిగించి, పంపు విప్పి రోటార్ల మధ్య గ్యాప్ ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నటి రేకులు) కొలిపించండి. ఆయిల్ దారులన్నిట్లో గాలి కొట్టించండి, గాలి రెండో చివర గట్టిగా వస్తోందో లేదో చేయి పెట్టి చూడండి.

రాకర్ల సంగతి మీరు రాయలేదు. కొత్త క్యామ్ వేసి పాత రాకర్లే ఉంచారా? చాలామంది అలాగే చేస్తారు, ఖర్చు తగ్గుతుందని. రాకరు ప్యాడు (లోబు మీద ఆనే ముఖం) మీద పాత క్యామ్‌తో కలిసి అరిగిన పల్లం ఉంటుంది. కొత్త లోబు ఆ పల్లం అంచుల మీద ఆనుతుంది. వెడల్పంతా పంచుకోవాల్సిన భారం రెండు సన్నటి అంచుల మీద పడి, కొన్ని వందల కిలోమీటర్లలోనే కొత్త లోబుని కోసేస్తుంది. క్యామ్ మారిస్తే రాకర్లూ మార్చాలి, రాకరు మారిస్తే దాని షాఫ్టు కూడా కొలవాలి. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. రోలర్ రాకర్లున్న బళ్లలో రాపిడి తక్కువ, క్యామ్ ఎక్కువ కాలం వస్తుంది. అక్కడ చూడాల్సింది రోలర్ నున్నగా తిరుగుతోందా, పిన్ను వదులైందా అన్నది. రోలర్ తిరక్కుండా బిగుసుకుంటే అది మామూలు రాకర్‌కన్నా వేగంగా క్యామ్‌ని తింటుంది.

హెడ్డులో క్యామ్ కూర్చునే చోటు కూడా చూసుకోండి. కొన్నిట్లో రెండు చివరలా బాల్ బేరింగులుంటాయి. అవి గరగరమంటే మార్చేస్తే సరి. కొన్నిట్లో క్యామ్ నేరుగా హెడ్డు అల్యూమినియంలోనే తిరుగుతుంది. ఆ గాడి అరిగి వదులైతే పైకొచ్చిన ఆయిల్ అక్కడే కారిపోయి లోబు దాకా వెళ్లదు. అలాంటప్పుడు హెడ్డే మార్చాలి.

ఆయిల్ ఎంపిక గురించి రెండు ముక్కలు. క్యామ్‌ని కాపాడే మందు ఆయిల్లో ఒకటుంటుంది, జింకు, భాస్వరం కలిసిన జెడ్‌డీడీపీ అనే రసాయనం. ఆయిల్ పొర తెగిన క్షణంలో అది లోహం మీద పలచటి రక్షణ పొరగా ఏర్పడి, తను అరిగిపోయి క్యామ్‌ని కాపాడుతుంది. కార్లలో పొగ శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని భాస్వరం పాడుచేస్తుందని, కొత్త కారు ఆయిళ్లలో, ముఖ్యంగా పలచటి గ్రేడుల్లో, దాన్ని బాగా తగ్గించారు. మోటారు సైకిల్ ఆయిళ్లకు జపాన్ వాళ్ల జాసో ప్రమాణం ఉంది. దాని ప్రకారం భాస్వరం 0.08 నుంచి 0.12 శాతం మధ్య ఉండాలి. కనుక డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో లేదో చూడండి. కారు ఆయిల్ మిగిలిందని బండిలో పోస్తే క్యామ్ అరగడమే కాదు, క్లచ్ కూడా జారవచ్చు. గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం మాత్రం మాన్యువల్లో ఏముంటే అదే. 10డబ్ల్యూ30 రాసిన బండికి "మన ఎండలకు చిక్కటిదే మంచిది" అని 20డబ్ల్యూ50 పోయించడం నాకు నచ్చదు. ఆ ఇంజన్ పంపు, దారులు పలచటి ఆయిల్‌కి కొలిచి చేసినవి, చిక్కటిది పొద్దున్నే పైకెక్కడం ఆలస్యమవుతుంది.

మన జిల్లాలకే ప్రత్యేకమైన కారణాలు కొన్ని ఉన్నాయి, ఇవి ఏ మాన్యువల్లోనూ ఇలా రాయరు. సిక్కోలు (శ్రీకాకుళం) తీరంలో భావనపాడు, బారువ, కళింగపట్నం వైపు కుర్రాళ్లు చేపల వేటకనీ కూలికనీ గుజరాత్, చెన్నై వెళ్లిపోతారు. బండి ఆరేడు నెలలు పాకలో పడి ఉంటుంది. సముద్రపు గాలి, రాత్రి చెమ్మ, పాత ఆయిల్లో పుట్టిన ఆమ్లం కలిసి, ఆయిల్ జారిపోయిన లోబు మీద తుప్పు చుక్కలు పెడతాయి. పండక్కి వచ్చి కిక్కు కొట్టి రేజ్ చేయగానే ఆ తుప్పు రేగి రాకర్‌ని గీకేస్తుంది. వెళ్లేముందు ఆయిల్ మార్చి వెళ్లడం మంచిది, వచ్చాక కాదు. వచ్చాక స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్ విప్పి, తాళం ఆన్ చేయకుండా నెమ్మదిగా ఓ ఇరవై కిక్కులు కొట్టండి, ఆయిల్ పైకెక్కుతుంది. ఇంట్లో తమ్ముడో బావమరిదో ఉంటే పదిహేను రోజులకోసారి బండిని పది కిలోమీటర్లు తిప్పమని చెప్పండి. ఊరికే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ: ఇంజన్ వేడెక్కదు, లోపల పుట్టిన నీటి ఆవిరి బయటకు పోకుండా ఆయిల్లో కలుస్తుంది.

టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైట్ క్వారీల దగ్గర పనిచేసేవాళ్ల బళ్లలో మసకగా అరిగిన క్యామ్‌లు ఎక్కువ కనిపిస్తాయి. రాతి దుమ్ములో ఉండే సిలికా చాలా గట్టిది, గట్టిపరిచిన ఇనుమునైనా అరగదీస్తుంది. అక్కడి వాళ్లు ఎయిర్ ఫిల్టరుని మాన్యువల్లో రాసినదానికి సగం దూరంలోనే మార్చుకోవాలి. ఫిల్టరు బాక్సు మూత సరిగా కూర్చోకపోయినా, కార్బొరేటర్ దగ్గర రబ్బరు చిట్లినా కొత్త ఫిల్టరు వేసి లాభం లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొట్టినప్పుడు మునిగిన బళ్లను చాలామంది ఎండబెట్టి, ప్లగ్ తుడిచి స్టార్ట్ చేసేశారు. ఇంజన్లోకి నీళ్లు పోయిన బండిని ఆయిల్ మార్చకుండా ఒక్క నిమిషం కూడా తిప్పకూడదు. ఆయిల్ తెల్లగా మజ్జిగలా మారితే దానికి పొర కట్టే శక్తి పోయినట్టే. ఒక్కసారి మారిస్తే చాలదు, రెండు మూడుసార్లు పోసి దింపితేగాని శుభ్రం కాదు. నాగావళి, వంశధార పొంగే ఊళ్ల వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సాలూరు ఘాటీ మీదుగా ఒడిశాలోని సుంకి వైపు వెళ్లేవాళ్లు ఎక్కుడులో టాప్ గేరు వదలరు, పెట్రోలు మిగులుతుందని. ఇంజన్ గుడగుడమంటూ తక్కువ ఆర్పీఎం మీద లాగుతుంటే పంపు నెమ్మదిగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం కాగిపోతుంది, ఆయిల్ పలచబడుతుంది. గేరు తగ్గించి ఇంజన్‌ని హాయిగా తిరగనిస్తే హెడ్డుకి ఆయిల్ బాగా అందుతుంది.

బుల్లెట్ వాళ్లు ఈ మధ్య ఇదే అడుగుతున్నారు కాబట్టి ఒక మాట: పాత బుల్లెట్లలోనూ, ఆ తర్వాత వచ్చిన యూసీఈ (ఇంజన్, గేర్‌బాక్సు ఒకే కేసులో ఉండే) ఇంజన్లలోనూ క్యామ్‌లు హెడ్డులో ఉండవు, కింద టైమింగ్ కేసులో పళ్లచక్రాలతో తిరుగుతూ పుష్‌రాడ్లతో వాల్వులు తెరుస్తాయి. యూసీఈలో ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ తామే సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు ఉన్నాయి, పొద్దున్నే కాసేపు టకటకలాడి ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. 2020లో మీటియోర్‌తో వచ్చిన కొత్త 350 ఇంజన్లో క్యామ్ హెడ్డులోకి వెళ్లింది. పైన చెప్పిన ఆయిల్ దారి జాగ్రత్తలు దానికీ వర్తిస్తాయి.

చప్పుడు వినగానే క్యామ్ అనుకోవడం కూడా సరికాదు. ట్యాపెట్ గ్యాప్ (రాకరుకు, వాల్వుకు మధ్య సందు) పెరిగినా, క్యామ్‌ని తిప్పే టైమింగ్ చైను వదులైనా, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ అంటుకుపోయినా ఇంచుమించు అలాంటి చప్పుడే వస్తుంది. టైమింగ్ చైను చప్పుడు ఎడమనో కుడినో చైను నడిచే పక్కనే గీరుకుంటున్నట్టు ఉంటుంది, రేజ్ చేసి వదిలినప్పుడు పెరుగుతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక చివర హెడ్డుకి, రెండో చివర చెవికి ఆనిస్తే తేడా తెలుస్తుంది. గ్యాప్ ఎప్పుడూ ఇంజన్ పూర్తిగా చల్లారాక, కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైన ఉన్నప్పుడు పెట్టాలి. చాలా చిన్న బళ్లలో అది 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండిది మాన్యువల్లో చూడండి. గ్యాప్ ఎక్కువైతే లోబు రాకర్‌ని మెల్లగా తాకకుండా సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. చప్పుడు రాకూడదని మరీ బిగించేస్తే లోబు గుండ్రటి వైపు కూడా రాకరు ఆనే ఉంటుంది, వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. వారానికోసారి ట్యాపెట్ పెట్టినా మళ్లీ వదులవుతోందంటే అప్పుడు క్యామ్‌ని అనుమానించండి.

కంటితో చూసి తేల్చకుండా మైక్రోమీటర్‌తో లోబు ఎత్తు కొలిపించండి. సర్వీసు మాన్యువల్లో కనీస కొలత ఉంటుంది, దానికన్నా తగ్గితే మార్చడమే.

బిగించేటప్పుడు లోబుల మీద, రాకరు ప్యాడ్ల మీద ధారాళంగా ఆయిల్ పూసి, హెడ్డులో క్యామ్ కింద ఉండే గుంట నింపాలి. పొడి క్యామ్ బిగించి స్టార్ట్ చేస్తే మొదటి పది సెకన్లలోనే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. ప్లగ్ విప్పి ఉంచి, ట్యాపెట్ మూత తెరిచి, పైకి ఆయిల్ కనిపించేదాకా కిక్కు కొట్టాలి. ఐడిల్లో పెట్టి చూసినప్పుడు కూడా ఆయిల్ తడి నిలకడగా కనిపించాలి. అది కనిపించకుండా బండి తీసుకెళ్లవద్దు, మేస్త్రీ ఎంత తొందరపెట్టినా. మొదటి 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, దింపిన ఆయిల్‌ని తెల్లటి గుడ్డ మీద వడగట్టి చూడండి. మెరిసే రజను కొద్దిగా ఉంటే భయం లేదు, చిన్న రేకుల్లా వస్తే మళ్లీ విప్పాల్సిందే.

నకిలీ క్యామ్ అన్న మీ అనుమానం పూర్తిగా కొట్టేయను. బజార్లో మెత్తటి క్యామ్‌లు ఉన్నాయి. అసలు క్యామ్‌ని పోత పోసేటప్పుడే లోబుల దగ్గర వేగంగా చల్లార్చి పైపొరను గట్టిపరుస్తారు, లేదంటే ఉక్కుతో చేసి వేడి చేసి గట్టిపరుస్తారు. ఆ పని సరిగా చేయనిది చూడ్డానికి అచ్చు అలాగే ఉంటుంది. అరగని చోట సన్నటి ఆకురాయి అంచుతో మెల్లగా గీస్తే మంచి లోబు మీద ఆకురాయి జారుతుంది, మెత్తటిది తెగుతుంది. పాత క్యామ్‌కి వెల్డింగు పోసి లేతు మీద అరగదీసి ఇస్తామనేవాళ్లుంటారు. చిన్న బండికి అది వద్దు. లోబు ఆకారం వెంట్రుకవాసి తేడా వచ్చినా వాల్వు టైమింగు మారిపోతుంది, వెల్డింగు వేడికి షాఫ్టు వంగుతుంది. కంపెనీ క్యామ్, రాకర్లు బిల్లుతో కొనుక్కోండి.

సెకండ్ హ్యాండ్ హెడ్డు గురించి: అది మీ హెడ్డు గాడి అరిగి ఉంటేనే. తీసుకునే ముందు ట్యాపెట్ మూతలు విప్పించి లోబుల మొనలు చూడండి, క్యామ్‌ని పట్టుకుని పైకీ కిందకీ ఊపండి, వదులు తెలియకూడదు. వాల్వు పోర్టులో పెట్రోలు పోసి ఐదు నిమిషాలు ఉంచితే కారకూడదు. దానితో వచ్చిన క్యామ్, రాకర్లు రెండూ ఒకే జతవైతే, గీతల్లేకుండా ఉంటే వాడుకోవచ్చు. ఆ రాకర్లకు మీ కొత్త క్యామ్ కలపవద్దు. హెడ్డు మార్చినా క్లచ్ కవరు విప్పి కింద శుభ్రం చేయడం మాత్రం తప్పదు.

విప్పించాక రాకరు ప్యాడ్ల ఫొటో, ఫిల్టరులో దొరికిన మడ్డి ఫొటో పెట్టండి, పంపు రోటార్ల గ్యాప్ ఎంతుందో రాయండి. పంపు మార్చాలా వద్దా అన్నది అవి చూసి చెబుతాను.